కొత్త ఊళ్లా, రెండో క్యానా? కనిగిరి వాటర్ ప్లాంట్ల కేస్ స్టడీ

కనిగిరి చుట్టుపక్కల 14 ఊళ్లలో ఆర్‌ఓ వాటర్ ప్లాంట్లు నడుపుతున్న ఒక ట్రస్టు 2023 సంక్రాంతి సెలవుల్లో మమ్మల్ని, అంటే ఖాళీ సమయంలో ఉచితంగా సలహాలిచ్చే ఐదుగురి జట్టును, విస్తరణ ప్రణాళిక అడిగింది. ఐదేళ్లలో ప్లాంట్లను 40కి పెంచాలని వాళ్ల ఆశ. దాతల ముందు పెట్టదగ్గ ప్లాను ఒకటి పైసా తీసుకోకుండా రాసిపెట్టాలని కోరారు. మేము చివరికి ఇచ్చిన వాటిలో ఆ ప్లాను లేదు. ప్లాంటుకొక పేజీ ఖర్చుల పట్టిక, ఒక నీళ్ల కార్డు, మెంబ్రేన్ల (ప్లాంటులో నీళ్లలోని ఉప్పును, ఫ్లోరైడ్‌ను వడగట్టే పొరల) కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా ఇచ్చాం. అడిగినదానికీ ఇచ్చినదానికీ ఇంత తేడా ఎందుకు వచ్చిందో వివరంగా రాస్తున్నాను. బిజినెస్ స్కూళ్లలో చదివి, ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత జిల్లాలోని సంస్థలకు ఖాళీ సమయంలో సలహాదారులుగా పనిచేయాలనుకునేవారికి ఇది పనికొస్తుందని నమ్మకం.

ట్రస్టు పేరు, ఊళ్ల పేర్లు చెప్పడం లేదు. వాళ్లను గుర్తుపట్టకుండా ఉండేందుకు రూపాయల అంకెలను గుండ్రం చేశాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఇదే.

ఇక్కడి నీళ్ల సంగతి

ఈ ప్రాంతపు ఫ్లోరైడ్ సమస్య నిన్నమొన్నటిది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో వెలువడింది. షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను చూసి దాన్ని రాసింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా (మొదట్లో ఒంగోలు జిల్లా) ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. అంటే ప్రకాశం జిల్లా పుట్టకముందే ఇక్కడి వాళ్ల పళ్ల మీద గార, వంగిపోయిన నడుములు వైద్యుల రాతల్లోకి ఎక్కాయి.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు మంచిదంటుంది. వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చంటుంది. మా ట్రస్టు పనిచేసే ఊళ్ల బోర్లు ఈ గీత దాటినవే. పైగా ఉప్పు. అందుకే ఇక్కడ ఆర్‌ఓ ప్లాంటును ఎవరూ విలాసంగా చూడరు. ‘ఫ్లోరిన్ నీళ్లు’ తాగి మోకాళ్లు పోయిన తాతను చూస్తూ పెరిగిన మనవడు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉద్యోగం వచ్చాక ఊరికి మొదట చేసే మేలు వాటర్ ప్లాంటే.

ట్రస్టును నడిపించే కార్యదర్శి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు. అందరూ ఆయనను మాస్టారు అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. కార్యాలయంలో ఆయన, ఒక అకౌంటెంట్, ప్లాంట్లన్నీ తిరిగే ఒక మెకానిక్. అంతే.

జట్టు, షరతులు

మేము ఐదుగురం. కందుకూరు, ఒంగోలు, పొదిలి, కావలి ప్రాంతాలవాళ్లం. కొందరం అహ్మదాబాద్ ఐఐఎంలో, కొందరం హైదరాబాద్ ఐఎస్‌బీలో చదివాం, ఒకరు అమెరికాలో. సబ్బులు, బిస్కెట్ల పంపిణీ చూసేవారు ఒకరు, బ్యాంకు రుణాలు చూసేవారు ఒకరు, మానవ వనరుల విభాగంలో ఒకరు. నీళ్ల ఇంజనీరింగ్ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఈ లోటును మొదటిరోజే మాస్టారికి చెప్పి, నీటి పరీక్షల విషయంలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాల మాటే మాకు ప్రమాణమని రాసుకున్నాం.

అమెరికాలో ఈ పనికి చాలాకాలంగా ఒక పద్ధతి ఉంది. స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్ పూర్వ విద్యార్థులు 1987లోనే అలమ్నై కన్సల్టింగ్ టీమ్ పెట్టుకున్నారు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన టాప్‌రూట్ ఫౌండేషన్ వృత్తి నిపుణుల ఉచిత సేవను ఒక క్రమంలో పెట్టింది. కాలిఫోర్నియాలో ఉన్న మా సహచరుడికి ఆ వాతావరణం తెలుసు. అక్కడి నుంచి మేము మూడు విషయాలు తీసుకున్నాం: పని మొదలుకాకముందే పరిధిని కాగితం మీద పెట్టుకోవడం, సంస్థ తరఫున ఒక్కరినే బాధ్యుడిగా ఎంచుకోవడం, ముగింపు తేదీ ముందే రాసుకోవడం. మిగతావి ఇక్కడ అతకవు. అక్కడ చిన్న సంస్థల్లో కూడా నిధుల సేకరణకో కార్యక్రమాలకో జీతం తీసుకునే మనిషి తరచూ ఉంటారు. ఇక్కడ మేము అడిగే ప్రతి సమాచారమూ ఆ ఒక్క అకౌంటెంట్ నెత్తిమీదే పడుతుంది.

ఉచిత సలహా గురించి నా గట్టి అభిప్రాయం ఇక్కడే చెబుతాను. అది ఇచ్చేవాళ్లకే ఉచితం. తీసుకునే సంస్థ దానికి తన సిబ్బంది సమయంతో వెల చెల్లిస్తుంది. పెద్ద కంపెనీల్లో పనిచేసి వచ్చిన మాలాంటివాళ్లకు ఇది తట్టదు. సమాచారం అడిగితే వచ్చేస్తుందనే అలవాటులో ఉంటాం. అకౌంటెంట్‌కు ఏప్రిల్, మే నెలల్లో సంవత్సరాంతపు లెక్కలు, దాతల వివరాలతో 10బీడీ పత్రం మే 31లోగా దాఖలు చేయడం, ఆ తర్వాత ఆడిట్, రిటర్ను. అందుకే పని జూన్‌లో మొదలుపెట్టాం. ఇంకో షరతు కూడా పెట్టుకున్నాం: వాళ్ల చేత కొత్త ఫారం ఒక్కటీ నింపించకూడదు. ఆపరేటర్ల నోటుపుస్తకాలు, కరెంటు బిల్లులు, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పద్దులు, వీటితోనే పని జరగాలి. లోగో, వెబ్‌సైట్, దార్శనిక పత్రం లాంటివి మా పరిధిలో లేవని ఆ కాగితంలోనే రాశాం. ఇలాంటి జట్లకు అవే ముందుగా చేయబుద్ధేస్తాయి, ఎందుకంటే వాటికి ఊరికి వెళ్లనక్కరలేదు.

నోటుపుస్తకాల్లో ఏముంది

ప్రతి ప్లాంటులో ఒక ఆపరేటర్. ఎక్కువమంది ఆ ఊరి ఆడవాళ్లే. గది, బోరు పంచాయతీవి, యంత్రం ట్రస్టుది. 20 లీటర్ల క్యాను 5 రూపాయలు. రోజువారీ క్యాన్ల సంఖ్య, అరువు పేర్లు చేతిరాతతో ఉంటాయి.

ఆ పుస్తకాల్లో ఊరి జీవితమంతా కనిపిస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు క్యాన్లు పెరుగుతాయి. కనిగిరి, పొదిలి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మిన డబ్బులు చేతికందగానే పాత అరువులు తీరిపోతాయి. సంక్రాంతి అయ్యాక భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయే కుటుంబాలున్న ఊళ్లలో అమ్మకం ఒక్కసారిగా పడిపోతుంది. వలస వెళ్లే ఊరినీ, పొగాకు ఊరినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే రెండింటికీ పనికిరాని అంకె వస్తుంది. అందుకే ఏ ప్లాంటు లెక్క ఆ ప్లాంటుకే వేశాం.

14 ప్లాంట్లలో 3 మూతపడి ఉన్నాయి. విస్తరణ అడిగిన ఉత్తరంలో ఈ సంగతి లేదు, దాచాలని కాదు, “రిపేరులో ఉన్నాయి” అని వాళ్లు నిజంగానే అనుకుంటున్నారు. మూడింటి కథా ఒకటే వరసలో నడిచింది. మెంబ్రేన్లు పూడుకుపోయాయి, నీళ్లు ఉప్పగిల్లాయి, తాగేవాళ్లు ఆటోలో ఇంటికి తెచ్చిచ్చే ప్రైవేటు క్యాను వైపు వెళ్లారు. అది 10 రూపాయలు. రాబడి తగ్గింది, మెంబ్రేన్లు కొనే డబ్బు లేకపోయింది. ఒక ఊళ్లో తాళం వేసిన గది గోడ మీద తల్లిదండ్రుల జ్ఞాపకార్థం వేయించిన నల్ల గ్రానైట్ ఫలకం అద్దంలా మెరుస్తోంది. మాస్టారు దాన్ని చూపించి, “శిలాఫలకం మీద మెంబ్రేన్ పేరు చెక్కించే దాత ఇంకా పుట్టలేదమ్మా” అన్నారు. మా నివేదికలో రాసిన దేనికన్నా ఆ ఒక్క మాట ఎక్కువ చెప్పింది.

నీటి నాణ్యత గురించి ఇంకో విషయం. ప్రతి ఆపరేటర్ దగ్గరా టీడీఎస్ మీటరు ఉంది. ఎవరైనా అనుమానపడితే గ్లాసులో ముంచి అంకె చూపిస్తారు. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంతుందో దానికి తెలియదు. ఈ ప్లాంట్లు పుట్టిందే ఫ్లోరైడ్ కోసం, కానీ రోజూ కొలుస్తున్నది వేరొకదాన్ని. ప్రతి ప్లాంటు నీళ్లనూ ఏడాదికి రెండుసార్లు, మెంబ్రేన్ మార్చిన ప్రతిసారీ, ప్రయోగశాలకు పంపాలని, ఆ కాగితాన్ని గోడకు అంటించాలని చెప్పాం. ఖర్చు స్వల్పం. ఒక్క సమావేశంలోనే ఒప్పుకున్నారు.

ఆరో రూపాయి

ఒక మధ్యరకం ఊరి లెక్క ఇది. గంటకు 1,000 లీటర్ల ప్లాంటు. రోజుకు 80 క్యాన్లు, అంటే నెలకు 2,400. క్యాను 5 రూపాయల చొప్పున రాబడి 12,000. ఆపరేటర్‌కు 6,000, కరెంటుకు 2,500, కాట్రిడ్జ్ ఫిల్టర్లకు, మెంబ్రేన్లకు గార పట్టకుండా వేసే రసాయనానికి 1,500, మెకానిక్ వాటా 1,000. మొత్తం 11,000. చేతిలో మిగిలేది 1,000. ట్రస్టు ఈ ప్లాంటును లాభంలో ఉన్నదానిగా లెక్కేసుకుంటోంది.

ఈ సైజు ప్లాంటులో నాలుగు మెంబ్రేన్లు ఉంటాయి. ఒక్కోటి 14,000 అనుకుంటే 56,000. ఇక్కడి ఉప్పు నీళ్లకు అవి రెండు, రెండున్నరేళ్లకు మించి ఆగవు. 28 నెలలని పెట్టుకుంటే నెలకు 2,000 పక్కన పెట్టాలి. ఇసుక, బొగ్గు ఫిల్టర్లు, పంపు మోటారు వగైరాలకు ఇంకో 1,000. నెలకు 3,000 కావాల్సిన చోట 1,000 ఉంది. అంటే లాభంలో ఉందనుకుంటున్న ప్లాంటు నెలకు 2,000 నష్టంతో మెల్లగా మూతబడే దిశలో నడుస్తోంది. ఇప్పుడున్న 14 ప్లాంట్లను 40 చేస్తే ఈ నష్టాన్ని కూడా అంతకంత పెంచినట్టే.

ఈ లెక్క చూపించినప్పుడు గది నిశ్శబ్దమవుతుందేమో అనుకున్నాం. అకౌంటెంట్ మాత్రం “ఇది నాకు తెలుసండీ, ఎవరూ అడగలేదు” అన్నారు. ట్యాలీలో తరుగుదల పద్దు ఏటా వేస్తూనే ఉన్నారు, అది ఆడిటర్ కోసం వేసే అంకె. దాని వెనుక డబ్బు ఏ ఖాతాలోనూ లేదు.

2,000 లోటును 2,400 క్యాన్లకు పంచితే క్యానుకు 83 పైసలు. ఒక్క రూపాయి పెంచితే చాలు. కాగితం మీద ఇంత తేలికైన సమాధానం దొరికితే జాగ్రత్తపడాలి. 5 రూపాయల ధరకు ఒక గొప్ప గుణం ఉంది, దానికి నాణెం ఉంది. “ఆరు రూపాయలంటే రోజూ చిల్లర గొడవే మేడమ్. పది ఇస్తే నాలుగు నేనెక్కడ తేను? రేపు ఇస్తానంటే ఆ నాలుగు రూపాయలు నేను తిన్నానంటారు” అని ఒక ఆపరేటరమ్మ తేల్చేశారు. ధరల పెంపు మీద మా జట్టులోని పంపిణీ నిపుణుడు తయారుచేసిన స్లైడ్లకన్నా ఈ అభ్యంతరం బలమైనది.

అందుకే కార్డు. 60 రూపాయలకు పది క్యాన్లు, ముందే చెల్లించాలి. క్యాను తీసుకెళ్లినప్పుడల్లా ఆపరేటర్ ఒక గడిలో గుర్తు పెడతారు. చిల్లర బాధ పోయింది, అరువు పుస్తకం చాలావరకు పోయింది. విడిగా కొనేవాళ్లకు పాత 5 రూపాయల ధర ఉంచితే కార్డు ఎవరూ కొనరు, కాబట్టి విడి క్యాను 10 చేశాం, ప్రైవేటు వాళ్ల ధరే. ఫ్లోరోసిస్‌తో మంచానపడిన వృద్ధుల ఇళ్లకు మొదటినుంచీ ఉచితంగా ఇస్తున్నారు. వాళ్లకు వేరే రంగు కార్డు ఇస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుందని మాస్టారు ఒప్పుకోలేదు. అందరికీ ఒకే రంగు కార్డు, డబ్బు తీసుకోకపోవడం ఆపరేటర్‌కూ వాళ్లకూ మధ్య విషయం. ఆయన చెప్పిందే సరి.

క్యానుకు ఆ అదనపు రూపాయి నేరుగా మెంబ్రేన్ ఖాతాకు వెళ్తుంది. ఇద్దరి సంతకాలు లేకుండా తీయడానికి వీల్లేదు, అందులో ఒకటి తప్పనిసరిగా అకౌంటెంట్‌ది.

సీలు వేస్తే ఏమవుతుంది

జట్టులో పెద్ద వాదన జరిగింది ఒక్క విషయం మీదే. కనిగిరి పట్టణంలోని ఫంక్షన్ హాళ్లకు, హోటళ్లకు సీలు వేసిన క్యాన్లు 20 రూపాయలకు అమ్మి, ఆ లాభంతో ఊళ్లలో ధర తగ్గించవచ్చని చెన్నైలో ఉన్న మా సహచరుడి ప్రతిపాదన. బిజినెస్ స్కూల్లో అయితే దీనికి మంచి మార్కులు పడతాయి. నేను వ్యతిరేకించాను, కారణాలు మూడు.

సీలు వేసి అమ్మితే అది ప్యాకేజ్డ్ తాగునీరు. అప్పటికి దానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ తప్పనిసరి, పంచాయతీ గదిలో నడిచే ప్లాంటుకు అది అందేది కాదు. రెండోది జీఎస్టీ. సీలు లేకుండా ప్రజలకు సరఫరా చేసే తాగునీటికి పన్ను లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018లోనే స్పష్టం చేసింది. సీలు వేసిన మరుక్షణం ఆ వెసులుబాటు పోతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఆదాయపు పన్ను. ప్రజోపయోగ కార్యక్రమాల పేరుతో నమోదైన ధార్మిక సంస్థలు వ్యాపార స్వభావం గల పనుల ద్వారా పొందే రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదని అప్పటి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 2(15) సెక్షన్ చెప్పేది. దాటితే ఆ ఏడాది మినహాయింపుకే ఎసరు. మరి 6 రూపాయల క్యాను వ్యాపారమా? ఇదే భయంతో ట్రస్టు ఏళ్లుగా ధర పెంచలేదు. 2022 అక్టోబరు 19న అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ఉపయోగపడింది. ఖర్చు మేరకు, లేదా ఖర్చు మీద నామమాత్రపు మొత్తం కలిపి వసూలు చేస్తే దాన్ని వ్యాపారంగా చూడరు. ఖర్చుకు చెప్పుకోదగ్గంత మించితే చూస్తారు. ట్రస్టు ఆడిటర్ ఈ తీర్పును దగ్గర పెట్టుకుని మా పట్టికలను లైనులైనుగా చదివారు. మెంబ్రేన్ తరుగుదలతో సహా ఒక క్యానుకు అయ్యే అసలు ఖర్చు ఇంత అని ప్లాంటువారీగా రాతపూర్వకంగా ఉండటం, ధర దానికి దగ్గరగా ఉండటం, ఇదే సంస్థకు రక్ష. ధర నిర్ణయించడానికి వేసిన పట్టిక పన్ను అధికారి అడిగినప్పుడు చూపించే పత్రం కూడా అయింది. 20 రూపాయల ఫంక్షన్ హాలు క్యాను ఉంటే ఈ వాదన నిలబడదు.

ఈ మూడు కారణాల్లో చివరిదాన్ని మా జట్టులో ఎవరమూ కనిపెట్టలేదు, ఆడిటర్ చెప్పారు. ఊళ్లో ఉన్న ఆడిటర్‌ను మొదటి సమావేశం నుంచే కూర్చోబెట్టుకోవడం మంచిది. బయటినుంచి వచ్చిన సలహాదారులు ఆయనను చివర్లో కలుస్తారు, అప్పటికి స్లైడ్లు అయిపోయి ఉంటాయి.

పప్పు చెప్పిన సంగతి

ఖర్చుల పట్టికలో ఇంకో వింత కనిపించింది. రోజుకు 80 క్యాన్లంటే 1,600 లీటర్లు. గంటకు 1,000 లీటర్ల ప్లాంటు రెండు గంటలు కూడా తిరగడం లేదు. మిగతా రోజంతా ఖాళీగా ఉంటోంది. కొత్త ఊరికి కొత్త ప్లాంటు కొనబోతున్న సంస్థ దగ్గర, ఉన్న ఊళ్లోనే వాడని ప్లాంటు ముప్పాతిక ఉంది.

ఎవరు తాగడం లేదు అని అడిగితే దాదాపు అందరూ తాగుతున్నారు. ఇంటికి రోజూ ఒక క్యాను. ప్రశ్న కొంచెం మార్చి, వంట దేనితో చేస్తున్నారని అడిగాం. బోరు నీళ్లతోనే. అన్నం, పప్పు, టీ అన్నిటికీ. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ చిక్కనవుతుంది. తాగే నీళ్లు మార్చుకున్న ఇంట్లో కూడా కొంత ఫ్లోరైడ్ తపేలా గుండా లోపలికి వెళ్తూనే ఉందన్నమాట. పళ్ల మీద గార పట్టేది శాశ్వత దంతాల ఎనామెల్ తయారయ్యే వయసులో, సుమారుగా ఎనిమిదేళ్లలోపు. ఆ వయసు పిల్లలున్న ఇంటికి రెండో క్యాను వెళ్లడం, కొత్త ఊళ్లో ఇంకో ప్లాంటు ప్రారంభోత్సవం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

లెక్క కూడా కలిసొచ్చింది. అదనంగా తీసే క్యానుకు కరెంటు, రసాయనాలు కలిపి రూపాయి 67 పైసలు. ఆపరేటర్‌కు ప్రోత్సాహకంగా 50 పైసలు. 3 రూపాయలకు అమ్మినా 83 పైసలు మిగులుతుంది. ఎక్కువ తిరిగితే మెంబ్రేన్ త్వరగా అరుగుతుంది కదా అని మెకానిక్ అడిగారు. నిజమే, 2 రూపాయలకు ఇవ్వాలనుకున్నది 3కు మార్చింది అందుకే. 80 ఇళ్లలో సగం తీసుకుంటే నెలకు సుమారు 1,000 అదనం.

రెండో క్యాను అమ్మడం మాత్రం చాలా కష్టమైంది. ఎముకలు, పళ్లు, పిల్లల ఆరోగ్యం అని ఎంత చెప్పినా తల ఊపారు, కొనలేదు. ఆరోగ్యం కోసం ఒక క్యాను ఇప్పటికే కొంటున్నామన్నది వాళ్ల లెక్క. మోసుకెళ్లేది కూడా ఆడవాళ్లే, 20 కిలోల బరువు ఇంకొకటి. ఆరోగ్యం మాట ఎత్తకుండా దీన్ని అమ్మింది వెలిగండ్ల వైపు ఒక ఊరి ఆపరేటరమ్మ. ప్లాంటు నీళ్లతో పప్పు పెడితే తొందరగా మెత్తబడుతుందని, గ్యాసు కలిసొస్తుందని తన ఇంటి కుక్కర్ సాక్ష్యంగా చెప్పారు. గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును ఉడకనివ్వవు, ఇందులో అబద్ధమేమీ లేదు. టీ రంగు కూడా బాగుంటుందట. ఆ ఊళ్లో రెండో క్యాను పట్టింది. ఆమెనే మిగతా ఊళ్లకు తీసుకెళ్లి మాట్లాడించమని సిఫార్సు చేశాం, దారి ఖర్చులు, రోజుకూలీ ఇచ్చి. మా నివేదికలో మార్కెటింగ్ వ్యూహం మొత్తం ఈ రెండు వాక్యాలే.

పక్క విషయమైనా వదిలేయలేనిది ఒకటుంది. ఈ నీళ్లకు ప్లాంటు తీసుకునే ప్రతి లీటరులో దాదాపు సగం వ్యర్థ నీళ్లుగా బయటికి పోతాయి. వాటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. రెండు ఊళ్లలో ఆ కాలువ దగ్గర గేదెలు తాగుతున్నాయి. పైపు వేసి, గిన్నెలు, గచ్చు కడగడానికి తొట్టిలోకి మళ్లించమని రాశాం. కొన్ని చోట్ల చేశారు, కొన్ని చోట్ల చేయలేదు.

దాతలతో

దాతకు మెంబ్రేన్ నచ్చదు, కొత్త ప్లాంటే నచ్చుతుంది. దీని మీద ఉపన్యాసాలు పనికిరావు. కొత్త ప్లాంటు విరాళంలోనే మొదటి మెంబ్రేన్ మార్పిడి ఖర్చు కలిపి అడగమన్నాం, ఫలకం మీద “నిర్వహణ నిధితో సహా” అని చెక్కించే పూచీతో. ఇద్దరు ప్రవాసాంధ్రులు ఈ షరతుకు వెంటనే ఒప్పుకున్నారు, ఒకరు వెనక్కి తగ్గారు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల విషయంలో దారి కొంచెం వేరు. కంపెనీల చట్టం ప్రకారం బహుళ సంవత్సరాల కొనసాగే ప్రాజెక్టు, మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకు సాగవచ్చు. కాబట్టి యంత్రం ఒక్కటే అడగకుండా, యంత్రంతోపాటు మూడేళ్ల నిర్వహణ, నీటి పరీక్షలు కలిపి ఒకే ప్రాజెక్టుగా రాసి ఇచ్చాం. ఆ నిధులు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 నమోదు ట్రస్టుకు ఇదివరకే ఉంది. ఈ ప్రతిపాదన ఒక కంపెనీ పరిశీలనలో ఉండగానే మా గడువు ముగిసింది.

40 ప్లాంట్ల ఆశకు మేము ఇచ్చిన జవాబుకు ఇంకో ఆధారం ఉంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కుళాయిలు, శ్రీశైలం నీళ్లను సొరంగాల గుండా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు, రెండూ ఈ మండలాల వైపే చూస్తున్నాయి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. నీళ్లు ఎప్పుడు ఇంటికి చేరతాయన్నది ఇక్కడ ఎవరిని అడిగినా నవ్వుతారు. కానీ నది నీళ్లు కుళాయిలో వచ్చిన ఊళ్లో ఫ్లోరైడ్ ప్లాంటుకు పని తగ్గిపోతుంది. ఆ రోజు ట్రస్టు చేతిలో అప్పుడే కొన్న 26 యంత్రాలు ఉండటం కన్నా, నడుస్తున్న ప్లాంట్లూ, మెంబ్రేన్ ఖాతాలో కొంత డబ్బూ ఉండటం మేలు. మాస్టారికి ఈ వాదన నచ్చలేదు. “నీళ్లు వస్తాయని 1996 నుంచి ఆగితే మా పిల్లలకు పిల్లలు పుట్టారు” అన్నారు. కొత్త ఊళ్లను పూర్తిగా ఆపకుండా, మెంబ్రేన్ ఖాతాలో పాత ప్లాంట్లన్నిటికీ ఏడాది మొత్తం జమ అయ్యాకే కొత్త ఊరు అన్న షరతు దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

2024 ఎండాకాలం నాటికి

నడుస్తున్న 11 ప్లాంట్లలో 8 కార్డుకు మారాయి. మిగిలిన మూడు ఊళ్లలో పంచాయతీ పెద్దలు 5 రూపాయల ధర తమ మాట అన్నారు, కాబట్టి అక్కడ ధర మారలేదు, మెంబ్రేన్ ఖాతాలో వాటి వరస ఖాళీగా ఉంది. మూతపడిన మూడింటిలో ఒకటి ఖాతా డబ్బుతో తిరిగి తెరిచారు. మరో రెంటిని పంచాయతీకి అప్పగించాలని మేము రాసిన సిఫార్సును ట్రస్టీలు తిరస్కరించారు. ఆ ఫలకాల మీద పేర్లున్న కుటుంబాలకు ఏం చెప్పాలన్నది వాళ్ల బాధ. ఆ విషయంలో మా జట్టు మాట చెల్లలేదు, చెల్లాల్సిన అవసరమూ లేదు. కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోయే మాకు ఆ కుటుంబాలు పెళ్లిళ్లలో ఎదురుపడవు.

రెండో క్యాను నాలుగు ఊళ్లలో నిలబడింది. లీటర్ల లెక్కకు బదులు, ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఎన్ని ఇళ్లు రెండు క్యాన్లు తీసుకుంటున్నాయన్నది నెలవారీ నివేదికలో మొదటి వరసగా పెట్టమన్నాం. ఆపరేటర్లకు ఊళ్లో ఎవరి ఇంట్లో ఎంత వయసు పిల్లలున్నారో పుస్తకం చూడకుండానే తెలుసు, కాబట్టి దీనికి సర్వే అవసరం పడలేదు.

గడువు అయిపోయాక పట్టికల ఫైళ్లు అకౌంటెంట్ కంప్యూటర్‌లో పెట్టి, సూత్రాలన్నీ ఆయన చేతే మళ్లీ వేయించి వచ్చేశాం. ఆ తర్వాత కొన్ని నెలలకు మాస్టారు ఫోను చేశారు. రెండో క్యాను ఆలోచనను బడి మధ్యాహ్న భోజనం వంటకు తీసుకెళ్దామని వాళ్లు అనుకుంటున్నారు. ఒక బడికి రోజుకు మూడు క్యాన్లు, 9 రూపాయలు. వండే ఆడవాళ్లు ఇప్పటికే బిల్లుల కోసం ఎదురుచూస్తుంటారు కాబట్టి వాళ్ల మీద వేయకూడదు. ఈ 9 రూపాయలను పంచాయతీ ఏ పద్దు కింద రాసుకోగలదో సర్పంచులతో, మండల విద్యాశాఖాధికారితో మాట్లాడుతున్నారు. పట్టిక ఏదైనా వేసి పంపమంటారా అని అడిగాను. అకౌంటెంట్ వేసేశారని, చూసి తప్పులుంటే చెప్పమని అన్నారు.